గేటు బయట చెప్పిన జ్ఞాపకం లోపలికి చేరిందా?

శ్రీనగర్ కాలనీ నుంచి పైకి, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్ళే దారుల్లో ఒక ఇంటి ముందు టీవీ ఛానెళ్ళ వ్యాన్లు బారులు తీరాయంటే, ఐటీ సోదాల సంగతి పక్కన పెడితే, సాధారణంగా రెండే కారణాలు. ఆ ఇంట్లో పెళ్ళయినా జరుగుతూ ఉండాలి, ఆ ఇంటి పెద్దయినా కన్నుమూసి ఉండాలి. రెండోదే అయితే మైకులు గేటు బయట నిలబడతాయి. కారు దిగినవారు లోపలికి వెళ్తారు, పూలమాల ఉంచుతారు, కుటుంబసభ్యుల చేయి పట్టుకుంటారు, ఐదు నిమిషాల్లో బయటికి వస్తారు. అప్పుడు మైకు ముందు నోరు పెగులుతుంది. మొదటి వేషం ఎలా దొరికిందో, ఔట్‌డోర్‌లో జ్వరం వస్తే ఆ పెద్దాయన తన క్యారియర్‌లోంచి అన్నం ఎలా పంచి పెట్టారో, ఏ మాటకు ఎలా నవ్వేవారో అన్నీ బయటికి వస్తాయి. లోపల ఆ ఇంటివారితో అదే మనిషి అన్నది మాత్రం ఒక్క మాట: "ధైర్యంగా ఉండండి."

జ్ఞాపకమేమో బయట, పొడిమాటేమో లోపల. ఇది సినిమావాళ్ళను తప్పుపట్టడానికి చెబుతున్నది కాదు. మన ఇళ్ళలో మైకు బదులు వాట్సాప్ స్టేటస్ ఉంది, అంతే తేడా. చనిపోయిన పెద్దమ్మగారి ఫొటో పెట్టి, ఆమె చేతి వంట గురించి పది వాక్యాలు మన పరిచయస్తులందరికీ చూపిస్తాం. ఆమె కూతురికి మాత్రం చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపుతాం. సంఘస్థులమైతే "ప్రభువు మిమ్మల్ని ఆదరించును గాక" అన్న మాట జోడిస్తాం. ఆ మాటలో దోషం లేదు. కానీ ఆ రోజు ఆ కూతురికి అదే మాట నూటయాభై ఫోన్ల నుంచి వచ్చి ఉంటుంది. అమ్మ గురించిన ఒక్క కొత్త సంగతి మాత్రం వచ్చి ఉండదు.

పరామర్శ అన్న మాటకు సంస్కృతంలో తాకడం, తలపోయడం అనే అర్థాలున్నాయి. తెలుగులో అది 'వెళ్ళి పలకరించి రావడం'గా స్థిరపడింది. మొదటి రెండు అర్థాలూ జారిపోయి చివరికి వెళ్ళి రావడం ఒక్కటే మిగిలిందా అని కొన్నిసార్లు అనిపిస్తుంది.

పరిశుద్ధ గ్రంథంలో పరామర్శ ఎలా ఉంటుందో చూడాలంటే ముందుగా అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయానికి వెళ్ళాలి. యొప్పే అనే సముద్రతీర పట్టణంలో తబితా అనే శిష్యురాలు చనిపోయింది. గ్రీకులో ఆమె పేరు దొర్కా. శవాన్ని కడిగి మేడగదిలో పరుండబెట్టారు. పేతురు వచ్చేసరికి ఆ గదిలో విధవరాండ్రు నిలబడి ఏడుస్తున్నారు. ఏడుస్తూ ఊరుకోలేదు. తమతో ఉన్నప్పుడు ఆమె కుట్టిచ్చిన అంగీలను, వస్త్రాలను ఆయనకు చూపిస్తున్నారు. మనం ఈ భాగాన్ని పేతురు చేసిన అద్భుతం కోసం చదువుతాం గనుక ఆ బట్టల దగ్గర ఆగం. ఒక్కసారి ఆగి చూడండి. వాళ్ళలో ఎవరూ ఆమెను పొగిడినట్టు లూకా రాయలేదు. ఆమె మహోన్నతురాలు, ఆమె లేని లోటు తీరనిది అన్న మాటలు అక్కడ లేవు. చేతిలో కుట్టు కనిపించే ఒక గుడ్డ ఉంది. అది ఆమె చేసింది, ఆమె ఉన్నప్పుడు చేసింది, నా కోసం చేసింది. జ్ఞాపకం పంచుకోవడం అంటే ఇదే. చూపించగలిగేంత చిన్నదిగా ఉండాలి. శవం ఉన్న గదిలోనే, ఆమె మనుషుల మధ్యనే చెప్పాలి.

ఇక మన పొరుగుకు వద్దాం. అక్కినేని నాగేశ్వరరావుగారు 2014 జనవరి 22న కన్నుమూశారు. శ్రీనగర్ కాలనీకి కూతవేటు దూరంలో, భార్య అన్నపూర్ణ పేరు మీద ఆయన కట్టుకున్న స్టూడియోలోనే జనం ఆయనను కడసారి చూశారు. మరునాడు అంత్యక్రియలు కూడా ఆ ఆవరణలోనే జరిగాయి. ఆమె అంతకు రెండేళ్ళ ముందే, 2011 డిసెంబరులో వెళ్ళిపోయారు. ఇదంతా చాలామందికి గుర్తుంది. దానికి మూడు నెలల ముందు జరిగినది కొందరికే గుర్తుంటుంది. 2013 అక్టోబరు 19న ఆయనే విలేఖరులను పిలిపించి, తనకు క్యాన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. తొంభై ఏళ్ళ దగ్గరి వయసు. ఇంట్లోవారు దాచిపెట్టి, బంధువులు గుసగుసలాడి, చివరికి రోగికి తప్ప అందరికీ తెలిసిపోయే మన అలవాటుకు అది పూర్తి వ్యతిరేకం. ఆ ప్రకటన వల్ల ఆయనను ప్రేమించేవారికి మూడు నెలల గడువు దొరికింది. చెప్పాల్సింది ఆయన చెవినే వేసే గడువు.

మన ఇళ్ళలో ఈ అవకాశాన్ని ఎంతగా చేజార్చుకుంటామో ప్రతి ఆసుపత్రి వరండాకూ తెలుసు. మంచం పక్కన కూర్చుని "మీకేం కాదు, వచ్చే నెలలో లేచి తిరుగుతారు" అంటాం. మరణించాక మాత్రం పదిమంది ముందు నిలబడి "నా చదువుకు ఫీజు కట్టింది ఈయనే" అంటాం. ఫీజు కట్టిన పెద్దమనిషి ఆ మాట వినకుండానే పోయారు. సంస్మరణ అనేది మరణం తరవాతే మొదలవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఆ ఏడాది మే 23న 'మనం' విడుదలైంది. తాత, తండ్రి, మనవడు కలిసి నటించిన సినిమా. ఆ కుటుంబానికి మిగిలిన చివరి జ్ఞాపకం లోకమంతా చూసే జ్ఞాపకమైంది. అందరి ఇళ్ళలో సినిమాలుండవు, నిజమే. కానీ ఈ రోజుల్లో వాయిస్ మెసేజులు లేని ఇల్లు లేదు. "రేపు వచ్చేటప్పుడు కరివేపాకు పట్రా" అన్న తాతగారి పదిహేను సెకన్ల మాట ఎవరో ఒకరి ఫోన్లో ఉంటుంది. ఫోన్ మారిస్తే పోతుంది. అది మీ దగ్గర ఉంటే ఆ ఇంటివారికి పంపించండి. అయితే ముందు అడిగి పంపండి. కొందరికి ఆ గొంతు మొదటి వారంలో వినే శక్తి ఉండదు.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచిన విషయం దగ్గరికి వస్తాం. కె. విశ్వనాథ్‌గారు 2023 ఫిబ్రవరి 2న, 92 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. 'శంకరాభరణం' విడుదలైంది 1980లో అదే ఫిబ్రవరి 2న. ఈ కలయిక గురించి పత్రికలు చాలా రాశాయి. ఫిల్మ్‌నగర్‌లోని ఆయన ఇంటికి పరిశ్రమ మొత్తం తరలివచ్చింది. ఆ ఫిబ్రవరి నెల ఇంకా గడవకముందే, 26వ తేదీన ఆయన భార్య జయలక్ష్మిగారు కూడా కన్నుమూశారు. మధ్య 24 రోజులు. 2025 జూలై 13న అదే ఫిల్మ్‌నగర్‌లో కోట శ్రీనివాసరావుగారు 83 ఏళ్ళ వయసులో మరణించారు. ఆగస్టు 18న ఆయన భార్య రుక్మిణిగారు వెళ్ళిపోయారు. ఐదు వారాలు.

వయసు మీరినవారు, అనారోగ్యాలు వేరు. ఒకరి మరణానికి మరొకరి మరణమే కారణమని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. అయినా ఈ తేదీలు మనల్ని ఒక ప్రశ్న అడుగుతాయి. ఇంటిపెద్ద పోయాక పదిహేనో రోజున, ఇరవయ్యో రోజున, మనకు తెలిసిన ఇళ్ళలో ఆ గదిలో మిగిలిన మనిషి పక్కన ఎవరున్నారు?

ఈ ప్రశ్నను వైద్యులు కూడా అడిగారు. ఇంగ్లండులో కొలిన్ మర్రే పార్క్స్, మరి ఇద్దరు కలిసి చేసిన పరిశోధన 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. భార్యలను పోగొట్టుకున్న 55 ఏళ్ళు, ఆ పైబడిన 4,486 మంది మగవారిని తొమ్మిదేళ్ళపాటు గమనించారు. మొదటి ఆరు నెలల్లోనే 213 మంది చనిపోయారు. ఆ వయసువారిలో మామూలుగా ఉండవలసిన దానికంటే అది 40 శాతం ఎక్కువ. అందులో ఎక్కువ భాగం గుండెకు సంబంధించినవే. ఆ తరవాతి సంవత్సరాల్లో ఆ తేడా క్రమంగా తగ్గిపోయింది. అంటే ప్రమాదమంతా మొదటి నెలల్లోనే పోగుపడి ఉందన్నమాట. మన జనసందోహమేమో మొదటి మూడు రోజుల్లో పోగుపడుతుంది.

పూర్వులు దీన్ని లెక్కలు లేకుండానే గ్రహించారు. ఇశ్రాయేలీయులు అహరోను కోసం 30 రోజులు, మోషే కోసం 30 రోజులు దుఃఖించారు. యాకోబు కోసం ఐగుప్తీయులు 70 రోజులు అంగలార్చారు. యూదులు నేటికీ ఏడు రోజులు ఇంట్లో కూర్చుంటారు, తరవాత ముప్పయ్యో రోజు వరకు మరో దశ ఉంటుంది. మన హైందవ సోదరుల ఇళ్ళలో పెద్దకర్మ వరకు బంధువులు ఇల్లు వదలరు. ముస్లిం కుటుంబాల్లో వితంతువు నాలుగు నెలల పది రోజుల గడువు పాటిస్తుంది. ఈ ఆచారాల వెనక విశ్వాసాలు వేరువేరు. ఒక సంగతి మాత్రం అన్నిటిలో ఉంది: దుఃఖానికి క్యాలెండరు కావాలి. తెలుగు క్రైస్తవులమైన మనకు గట్టి నియమం లేదు. కొన్ని కుటుంబాలు మూడో రోజున, కొన్ని పదకొండో రోజున, కొన్ని నలభయ్యో రోజున కూడిక పెట్టుకుంటాయి. నియమం లేకపోవడం స్వేచ్ఛే. కానీ ఆ స్వేచ్ఛ, మర్చిపోవడానికి అనుమతి అయిపోతోంది.

జ్ఞాపకార్థ కూడికల గురించి మాట వచ్చింది గనుక నిర్మొహమాటంగా ఒకటి రాస్తాం. ఆహ్వాన పత్రికలో 'ఆదరణ కూడిక' అని ఉంటుంది. వెళ్ళాక చూస్తే వేదిక మీద ఏడుగురు దైవసేవకులు. ఒకరు ప్రారంభ ప్రార్థన, ఒకరు వాక్యపఠనం, ఒకరు ప్రసంగం, ఆ ప్రసంగానికి మరొకరి కొనసాగింపు. మధ్యలో చనిపోయినవారి బయోడేటా చదువుతారు. పుట్టిన తేదీ, ఉద్యోగం, రిటైరైన సంవత్సరం, సంతానం. చివర్లో భోజనాలు చల్లారిపోతున్నాయని కుటుంబసభ్యులకు "రెండేసి మాటలు" అంటారు. పాతికేళ్ళు పక్కింట్లో ఉన్నావిడ వెనక వరుసలో కూర్చుని వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. ఆ కూడికలో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. ఒక్క ప్రసంగం చాలు, అదీ పావుగంట. మిగిలిన గంటన్నర ఆవిడలాంటివారికి ఇవ్వవచ్చు. ఎవరో ఒకరు ఆ మాటలను ఫోన్లో రికార్డు చేస్తే, మనవలు పెద్దయ్యాక వింటారు.

దుఃఖాన్ని వివరించబోయి చెడగొట్టినవారి కథ యోబు గ్రంథం. నిజానికి ఆ ముగ్గురు స్నేహితులు బాగానే మొదలుపెట్టారు. దూరదేశాల నుంచి వచ్చి, అతణ్ణి చూసి ఏడ్చి, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు తెరిచాకే అంతా పాడైంది. ఎందుకు జరిగిందో చెప్పడం మొదలుపెట్టారు. చివరికి దేవుని కోపం వారి మీదికే వచ్చింది. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ 42వ అధ్యాయం 11వ వచనం ఎంతమంది గమనించారో తెలియదు. అక్కడ ఇంకో పరామర్శ ఉంది. యోబు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పాత పరిచయస్తులు అతని ఇంటికి వచ్చారు, అతనితో కలిసి భోజనం చేశారు, దుఃఖంలో పాలుపంచుకున్నారు, ఒక్కొక్కరు కొంత సొమ్మును, ఒక బంగారపు ఉంగరాన్ని ఇచ్చారు. ప్రసంగం లేదు. అన్నం ఉంది, చేతి సాయం ఉంది.

చావు ఇంట పొయ్యి వెలిగించకపోవడం, చుట్టుపక్కలవారు అన్నం తేవడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన పద్ధతే. అపార్ట్‌మెంటుల్లో ఆ పని ఫుడ్ డెలివరీ యాప్ చేస్తోంది. బిర్యానీ ప్యాకెట్లు గుమ్మం ముందు పేరుకుపోతాయి. ఎనభై ఏళ్ళ పెద్దావిడకు కావలసింది మెత్తగా కలిపిన చారన్నం, తినేదాకా ఎదురుగా కూర్చునే మనిషి.

యోహాను సువార్త 11వ అధ్యాయంలోని బేతనియ ఇంటిని కూడా చూడాలి. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. యేసు వచ్చినప్పుడు మార్త ఎదురువెళ్ళి, మీరిక్కడ ఉండి ఉంటే తమ్ముడు చనిపోయేవాడు కాదంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంది. ఇద్దరిదీ ఒకే వాక్యం. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడారు. మరియను చూసి కన్నీళ్ళు విడిచారు. ఒకే ఇంట్లో, ఒకే మరణానికి, ఒకే మాటకు రెండు రకాల ఆదరణ. అన్నదమ్ముల్లో ఒకరు తండ్రి ఆఖరి రోజుల గురించి గంటలు గంటలు మాట్లాడాలనుకుంటారు. మరొకరు షామియానా అద్దె లెక్క చూసుకుంటూ కనిపిస్తారు. రెండోవాడికి బాధ లేదనుకోకండి. అతని పక్కన నిలబడి కుర్చీలు లెక్కపెట్టండి. ఏదో ఒక కుర్చీ దగ్గర అతనే మొదలుపెడతాడు.

మాటలు అయిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2022లో ఘట్టమనేని కుటుంబానికి జరిగింది గుర్తుందా? జనవరిలో పెద్దకొడుకు రమేష్‌బాబు, సెప్టెంబరులో తల్లి ఇందిరాదేవి, నవంబరు 15న తండ్రి కృష్ణగారు. ఒకే ఏడాదిలో మూడుసార్లు అదే కుటుంబాన్ని పలకరించాల్సి వచ్చినవారు మూడోసారి ఏమని ఉంటారు? "ధైర్యంగా ఉండండి" అన్న మాట రెండోసారికే అరిగిపోయి ఉంటుంది. జ్ఞాపకానికి ఆ ఇబ్బంది లేదు. అన్నగారి సంగతి వేరు, అమ్మగారి సంగతి వేరు, నాన్నగారి సంగతి వేరు. మనిషి గురించి మాట్లాడితే మాట అరగదు. మరణం గురించి మాట్లాడితేనే అరిగిపోతుంది.

శ్రీనగర్ కాలనీలో మన చదువరుల పొరుగిళ్ళు చాలావరకు అన్యమతస్థులవి. ఆ ఇంట్లో పెద్దలు పోతే ఏం మాట్లాడాలని అడుగుతుంటారు. పరలోకం గురించి మాట్లాడకపోతే సాక్ష్యం చెప్పనట్టేనా అన్నది వారి సంకోచం. అక్కినేనివారు భక్త తుకారాంగా, విప్రనారాయణగా నటించారు. నిజజీవితంలో ఆయన నాస్తికులని లోకానికంతా తెలుసు. ఆయన కోసం ఆ రోజు వచ్చిన వేలమందిలో అన్ని మతాలవారూ ఉన్నారు, ఆ తేడా ఎవరికీ అడ్డుపడలేదు. ఏడ్చేవారితో ఏడవమని పౌలు రోమీయులకు రాసినప్పుడు ఆ ఏడ్చేవారి విశ్వాసం ఏమిటో విచారించమనలేదు. దుఃఖంలో ఉన్నవారికి తిరిగి జవాబిచ్చే ఓపిక ఉండదు. అలాంటివారి ముందు వాదం పెట్టడం న్యాయం కాదు. "మీ నాన్నగారు రోజూ పొద్దున్నే మా గేటు దగ్గర పేపరు తీసి లోపల వేసేవారండీ" అనండి. అది ఏ మతంవారికైనా అర్థమవుతుంది.

జ్ఞాపకం నిజమైనదై ఉండాలి. పోయినవారందరినీ సౌమ్యమూర్తులను చేసేస్తే, ఇంట్లోవారికి ఆ వర్ణన వేరెవరిదో అనిపిస్తుంది. తాతగారికి కోపం ఎక్కువని అందరికీ తెలుసు. ఆ కోపంలో చెప్పు విసిరి, అరగంటకు తనే వెళ్ళి ఆ చెప్పు తెచ్చుకునేవారన్న సంగతి చెబితే ఏడుస్తున్నవారు కూడా నవ్వుతారు. చావు ఇంట నవ్వితే తప్పని కొందరు కళ్ళెర్రజేస్తారు. ఆ నవ్వే ఆ రోజు వారికి దొరికిన మొదటి ఊపిరి. అయితే గాయపరచినవాటిని, అప్పులను, ఆస్తి తగాదాలను ఎత్తకండి. ఏ ఆసుపత్రిలో ఆలస్యమైంది, ఇంకో డాక్టరుకు చూపించారా అన్న విచారణలు కూడా వద్దు. ఆ ప్రశ్నలు వాళ్ళు రాత్రంతా తమను తాము వేసుకుంటూనే ఉంటారు.

మరచిపోతేనే తేరుకుంటారన్నది పాత నమ్మకం. పోయినవారి నుంచి మనసును మెల్లగా విడదీసుకోవడమే శోకం చేయవలసిన పని అని ఫ్రాయిడ్ 1917లో రాశారు. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ సంకలనం చేసిన పుస్తకం వేరే మాట చెప్పింది. బంధం తెగదు, రూపం మార్చుకుని కొనసాగుతుంది, అందులో అనారోగ్యమేమీ లేదని. అందుకే "ఆవిడకు గుర్తు చేయకండి" అని పిల్లలు గుమ్మంలోనే హెచ్చరించే ఇళ్ళను చూస్తే మాకు జాలేస్తుంది. యాభై ఏళ్ళు కలిసి బతికిన మనిషిని ఆవిడ మర్చిపోతేగదా, మనం గుర్తు చేయడానికి! ఆయన పేరు ఎవరూ ఎత్తకపోవడమే ఆవిడకు రెండో మరణం.

కృష్ణానగర్ గురించి కూడా ఒక మాట. లైట్‌మన్లు, మేకప్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉండే ఆ ఇరుకు గదుల్లోనూ తల్లులు పోతారు, తండ్రులు పోతారు. అక్కడికి వ్యాన్లు రావు. ఊరికి తీసుకెళ్ళే అంబులెన్సు కిరాయి కోసమే సగం రోజు గడిచిపోతుంది. యోబు బంధువులు ఇచ్చిన సొమ్మును అక్కడ గుర్తు చేసుకోవాలి.

మరణ నమోదు 21 రోజుల్లోగా జరగాలన్నది చట్టం. ఆసుపత్రిలో పోతే వారే చేయిస్తారు, ఇంట్లో పోతే కుటుంబమే చూసుకోవాలి. ఆ పత్రం లేనిదే కుటుంబ పెన్షను, బ్యాంకు ఖాతా, ఏదీ కదలదు. ఆ ఆఫీసుకు తోడు వెళ్ళడం కూడా పరామర్శే. పెద్దావిడ సంతకం కావలసిన చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇంటికి తీసుకెళ్ళండి.

వెళ్ళేది మూడో వారంలో పెట్టుకోండి, తరవాత ఆయన పుట్టినరోజున, ఆయన లేని మొదటి క్రిస్మస్‌కు. ముందుగా ఫోన్ చేయండి, మధ్యాహ్నం పడుకునే వేళ వద్దు. పాత ఫొటో ఉంటే పట్టుకెళ్ళండి. దాని వెనక ఏ సంవత్సరం, ఏ ఊరు, పక్కన ఉన్నది ఎవరు అన్నది రాసి ఇవ్వండి, ఆ వివరాలు తెలిసిన చివరి మనిషి మీరే కావచ్చు. ఆవిడ అదే కథను మూడోసారి చెబితే ఇంతకుముందు విననట్టే వినండి. టీ ఆవిడే పెడతానంటే పెట్టనివ్వండి.